అక్షోహిణా, అక్షౌహిణా? ఇంతకీ అదెంత?

మాది పర్లాకిమిడి. పాప ఒడియా మీడియంలో చదువుతోంది, తెలుగు ఇంట్లో నేర్పుతున్నాను. 'అక్షోహిణి' అని రాస్తే మా అత్తగారు తప్పన్నారు. ఏది ఒప్పు మేష్టారూ? అక్షౌహిణి అంటే ఎంతమందో కూడా చెప్పండి, అదే పనిగా అడుగుతోంది.

— మీ అత్తగారి మాటే ఒప్పమ్మా. అక్ష + ఊహిని. మామూలుగా గుణసంధి వచ్చి ఓత్వం కావాలి. ఈ మాటకి వృద్ధి వస్తుందని పాణిని సూత్రం మీద కాత్యాయనుడు విడిగా వార్తికం రాశాడు. అందుకే ఔత్వం. ఒడియాలోనూ ఔత్వమే రాస్తారు, పాపకి ఇబ్బంది ఉండదు.

ఇక లెక్క. అది చాలా అందమైన లెక్క, పాప చేత కాగితం మీద చేయించండి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి, అంటే 10. మూడు పత్తులు సేనాముఖం. అక్కణ్ణించి గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, ప్రతిదీ ముందుదానికి మూడింతలు. అనీకినికి 2,187 పత్తులు. చివర మాత్రం పదింతలు: పది అనీకినులైతే అక్షౌహిణి. రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. మొత్తం 2,18,700. ఆదిపర్వం చెప్పే లెక్క ఇదే.

దీన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే (పాప బడిలో మౌళిక గుణనీయకాలంటారు) రెండు 2లు, ఏడు 3లు, రెండు 5లు వస్తాయి. వేరే ఏదీ లేదు. 2,18,700ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 72 ఉన్నాయి. వరసగా ఏడుసార్లు మూడేసి సమభాగాలు చేయొచ్చు, 100 దగ్గర ఆగిపోతుంది. సైన్యాన్ని పంచుకోవడానికి ఇంతకంటే అనువైన సంఖ్య ఏం కావాలి!

రాయగడ నుంచి నేను. అంటే 2,18,700 మంది మనుషులా?

— కాదండీ. నాలుగు అంగాల మొత్తం అది. రథం ఒకటి, ఏనుగు ఒకటి అని లెక్క. 'ఎంతమంది' అనకూడదు, 'ఎంత బలం' అనాలి.

మరి భారతయుద్ధంలోని పద్దెనిమిది అక్షౌహిణులూ కలిపితే?

— 39,36,600. నాకు బాగా నచ్చేది ఇక్కడే ఉంది. పాండవులవి 7, కౌరవులవి 11. ఏడులోనూ పదకొండులోనూ 3 లేదు. కాబట్టి పాండవ సేనని ఏడుసార్లు మూడుతో భాగిస్తే 700, కౌరవ సేనని భాగిస్తే 1,100. ఎనిమిదోసారి రెండూ భాగం కావు. రెండూ కలిపితే 1,800. అది 600 అవుతుంది, ఆపైన 200 అవుతుంది. 7, 11 కలిస్తే 18, అందులో రెండు 3లు దాగి ఉన్నాయి మరి. పాపని ముందు విడివిడిగా భాగించనివ్వండి. అది ఆగిపోయాక కలపమనండి.