అప్‌డేట్: అమ్మ అరికాలి మచ్చను డాక్టరుకు చూపించాం

అమ్మ అరికాలి మీద నల్లమచ్చ పెరుగుతోంది, కోయకుండా అది క్యాన్సరో కాదో తెలుసుకునే దారి ఉందా అని రెండు వారాల క్రితం అడిగాను. నిన్న చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆవిడ మచ్చ మీద జెల్ రాసి, డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే లైటున్న పరికరం) ఆనించి, తెర మీద మాకూ చూపించారు. వేలిముద్రలో ఉన్నట్టే గట్లు, వాటి మధ్య చాళ్లు. గట్ల పొడవునా పూసలు గుచ్చినట్టు తెల్లటి చుక్కలు. అవి చెమట రంధ్రాలట! రంగు చాళ్లలో సన్నగీతలుగా ఉంటే సాధారణంగా మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పట్టీలుగా పరుచుకుంటే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని అనుమానించి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష, చేస్తారు.

అమ్మకు రంగు చాళ్లలోనే ఉంది, ఒక్క అంచున మాత్రం స్పష్టంగా లేదు. వెడల్పు 5 మిల్లీమీటర్లు. 7 దాటి ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపేవారట. ఇప్పుడు ఫోటో భద్రపరిచారు, 3 నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చి చూస్తారు. ఈలోగా మారినా, రక్తం కారినా వెంటనే రమ్మన్నారు.

కోయకుండానే లేజర్ కాంతితో చర్మం లోపలి కణాలను చూపే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ గురించీ అడిగాను. అరికాలి చర్మం మందం కాబట్టి ఆ కాంతి అక్కడ తగినంత లోతుకు చేరదన్నారు.

అమ్మ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆలస్యం చేయకుండా చూపించమన్న అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తాను.