కంట్రోల్ అంటే అదుపు కదా, మరి కంట్రోల్ ప్లాటులోనే దోమ ఎందుకు ఎక్కువ?

చేనుగట్టు:

అందరికీ నమస్తే. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, పురుగుమందుల ట్రయల్స్ చూసే ఒక టీంలో పనిచేస్తున్నా, గుంటూరు వైపు పత్తి చేలల్లో. మాకు వచ్చే కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాటిని రైతులకు తెలుగులో చెప్పడం, ప్లాటు ముందు బోర్డు రాయడం నా పని. నేను చదివింది తెలుగు మీడియం, కంట్రోల్ అంటే అదుపు, నియంత్రణ అని బట్టీ పట్టాం, అక్కడితో సరి.

పోయిన వారం ఏం జరిగిందంటే, ఒక చేలో నాలుగు ప్లాట్లు గీశాం, మూడింటికి మూడు రకాల మందు, నాలుగోదానికి ఏమీ కొట్టలేదు. కాగితంలో ఆ నాలుగోదాని పేరు కంట్రోల్. నేను బోర్డు మీద 'నియంత్రణ ప్లాటు' అని రాసి పాతా. పొలం పెద్దాయన వచ్చి ఆ బోర్డు చదివి, లోపలికి దిగి ఒక ఆకు తిరగేసి చూపించారు. అడుగున ఆకు రసం పీల్చే పచ్చదోమ పిల్లలు ఐమూలగా పరుగులు పెడుతున్నాయి, ఆకు అంచులు ఎర్రబడి కిందికి ముడుచుకుపోయాయి. "నియంత్రణ అని రాశావు, అన్నిటికంటే దోమ ఇక్కడే ఉంది గదయ్యా, మీ మందు పనిచేయలేదా?" అన్నారు. నాకు వెంటనే సమాధానం రాలేదు.

పైగా అదే పేజీలో పైన పెస్ట్ కంట్రోల్ అని ఉంది, కింద వాన పడితే ట్రయల్ ఆగొచ్చు, అది 'బియాండ్ అవర్ కంట్రోల్' అని ఉంది. ఒకే పేజీలో ఒకే మాట మూడు దారుల్లో పోతోంది. వీటన్నిటికీ ఒక మూలం ఉందా, లేక ఎక్కడికక్కడ గుర్తుపెట్టుకోవాల్సిందేనా? ఆ పెద్దాయనకు ఏమని చెప్పాలి?

పాత లెడ్జరు:

తమ్ముడూ, మూలం ఉంది, అది తెలిస్తే మీ ప్లాటు సంగతి కూడా తేలిపోతుంది. నేను అకౌంట్స్‌లో చేసి రిటైరయ్యాను కాబట్టి ఈ మాట మీద నాకు ఇష్టం ఎక్కువ, కాస్త పొడుగ్గా రాస్తా.

ఇది పుట్టింది లెక్కల దగ్గర. లాటిన్‌లో కాంట్రా అంటే ఎదురు, రొటులస్ అంటే చుట్ట, అంటే చుట్టగా చుట్టి దాచుకునే పత్రం. ఒకరు రాసిన లెక్కకు ఇంకో ప్రతి విడిగా ఉంచి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసేవాళ్లు. ఆ ఎదురు ప్రతి పేరే ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి కంట్రోల్ అయింది. అంటే మొదట్లో దీని అర్థం సరిచూడటం. లెక్క సరిచూసేవాడికి ఎక్కడైనా మాట చెల్లుతుంది కదా, అట్లా పెత్తనం, అదుపు అనే అర్థాలు తర్వాత వచ్చి చేరాయి, ఇప్పుడు అవే ముందు కూర్చున్నాయి.

పాత అర్థం పూర్తిగా పోలేదు. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్ట్ కంట్రోల్ అని రాసి ఉంటుంది, అక్కడ పాస్‌పోర్టును ఎవరూ అదుపు చేయరు, ఫొటోను మొహంతో పోల్చి చూస్తారు. రాజ్యాంగం 148వ అధికరణలో ఉన్న, సర్కారు లెక్కలు తనిఖీ చేసే మన కాగ్ పేరులో మొదటి మాట కంప్ట్రోలర్ కూడా ఇదే. లెక్కకు ఫ్రెంచిలో ఉన్న కోంట్ అనే మాటతో కలగలిసి స్పెల్లింగ్ మారింది గానీ, ఉచ్చారణ మామూలుగా కంట్రోలర్ అనే.

మీ నాలుగో ప్లాటు ఈ సరిచూసే కుటుంబంలోది. మందు కొట్టిన మూడింటినీ దేనితో పోల్చాలి? ఏమీ కొట్టని దానితో. అందుకే మీ శాస్త్రవేత్తలు చాలాసార్లు దాన్ని 'అన్‌ట్రీటెడ్ చెక్' అని కూడా రాస్తారు, పాత రిపోర్టులు తిరగేసి చూడండి. అక్కడ దోమ ఎక్కువ ఉండటమే సరైనది. అక్కడ కూడా తక్కువ ఉంటే, మిగతా మూడింట్లో తగ్గింది మందు వల్లే అని చెప్పలేం.

ముల్కనూరు రోడ్:

అన్నా, మా దిక్కు ఇప్పటికీ రేషన్ బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అంటరు. మా నానమ్మకు ఒక్క ఇంగ్లిష్ అక్షరం రాదు, కానీ నెల మొదట్ల సంచి మడిచి చంకల పెట్టుకొని "కంట్రోల్ దుకాణానికి పోయొస్త బిడ్డా" అనేది. 1940లలో యుద్ధం రోజుల్లో ధాన్యం మీద, ధరల మీద సర్కారు కంట్రోళ్లు పెట్టిన కాలం నాటి వాడుక అది. ఆ మాట ఇంగ్లిష్ వాళ్లకు చెప్తే కంట్రోల్ రైస్ ఏంది అంటరు, మనకు మాత్రం ఎంత సొంతమో.

తిరిగి ఇంగ్లిష్‌లోకి పోయేటప్పుడు కూడా జాగ్రత్త కావాలె. నా ఫ్రెండ్ ఒకడు వార్తలు ఇంగ్లిష్‌లోకి రాసేవాడు, 'నిందితుడు పోలీసుల అదుపులో ఉన్నాడు' అన్నదాన్ని 'అండర్ పోలీస్ కంట్రోల్' అని రాసిండు. అక్కడ కస్టడీ అనాలె. మన పేపర్లు ఈ విషయంల నిజంగా బాగా పనిచేసినయి. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత పాకిస్తాన్ వైపు ఉన్నది నియంత్రణ రేఖ, చైనా వైపు ఉన్నది వాస్తవాధీన రేఖ. ఇంగ్లిష్‌లో రెండింటికీ కంట్రోలే.

నైట్‌డ్యూటీ:

నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను, ఈ మాట వల్ల నేను ఒకరి మనసు నొప్పించాను, అందుకే రాస్తున్నా. కొత్తలో ఒక పెద్దావిడ భర్త పోయి వార్డులో ఏడుస్తున్నారు. ఓర్చుకోండమ్మా అని చెప్దామని "ప్లీజ్ కంట్రోల్ యువర్‌సెల్ఫ్" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మన దగ్గర 'కంట్రోల్ చేసుకో' అంటే ఓదార్పు, ఇంగ్లిష్‌లో అది హద్దు మీరిన మనిషిని మందలించే మాట. సీనియర్ పక్కకు పిలిచి చెప్పాక వెళ్లి క్షమాపణ అడిగాను, చేయి పట్టుకున్నారు.

ఇంకోటి, ఇది ఇంట్లో వాళ్లకు తప్పకుండా చెప్పండి. డాక్టరు షుగర్ 'అండర్ కంట్రోల్' అన్నారంటే జబ్బు పోయిందని కాదు, మందులు, తిండి దాన్ని పట్టి ఉంచాయని. మా నాన్న ఆ మాట విని మాత్రలు ఆపేశారు, రెండు నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది.

'అండర్ కంట్రోల్', 'ఇన్ కంట్రోల్' కూడా వేరు. కారు అండర్ కంట్రోల్‌లో ఉంటుంది, నడిపే మనిషి ఇన్ కంట్రోల్‌లో ఉంటాడు, అంటే పగ్గాలు అతని చేతిలో ఉన్నాయని. ఇక మనిషిని 'కంట్రోలింగ్' అన్నారంటే అది మెచ్చుకోలు కాదు. ఎవరితో మాట్లాడాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నీ తానే శాసించే భర్తను అట్లా అంటారు, ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 చట్టంతో అది నేరం కూడా అయింది.

పాత లెడ్జరు గారూ, మీరు రాసింది చదివి ఆశ్చర్యపోయాను. మా వార్డులో మార్ఫిన్ లాంటివి 'కంట్రోల్డ్ డ్రగ్స్', తాళం వేసిన అల్మారాలో ఉంటాయి. ఒక్క ఆంప్యూల్ తీసినా ఇద్దరం కలిసి లెక్కపెట్టి రిజిస్టర్‌లో ఇద్దరం సంతకం చేయాలి. రోజూ చేసే పని, మీరు చెప్పిన ఎదురు లెక్క ఇదే కదా అని ఈ రోజే తట్టింది.

చేనుగట్టు:

అందరికీ చాలా థాంక్స్, అక్కా, మీది చదివి మా అమ్మకు ఫోన్ చేశా, ఆమెకూ షుగరే.

బోర్డు మార్చాను. 'మందు కొట్టని ప్లాటు, పోల్చి చూడటానికి' అని రాశా, నియంత్రణ తీసేశా. వానకు సంబంధించిన వాక్యాన్ని 'మా చేతిలో లేనిది' అని చెప్పా, ఎవరూ మళ్లీ అడగలేదు. పెద్దాయన కొత్త బోర్డు చదివి, ఇప్పుడు అర్థమైందయ్యా అన్నారు. కాసేపు ఆ ప్లాటు వైపే చూసి, "మరి పోల్చడం కోసం వదిలేసిన ఈ పత్తికి నష్టం ఎవరిస్తారు?" అని అడిగారు. పాత బోర్డు ఉన్నన్నాళ్లు ఆ ప్రశ్న రాలేదు. కాగితంలో దాని గురించి ఒక్క ముక్క లేదు, రేపు మా పైవాళ్లను అడుగుతున్నా.