రెండు రౌటర్లు: పై నుంచి కిందికి పనిచేస్తోంది, కింద నుంచి పైకి లేదు

ప్రశ్న:
కింది అంతస్తులో ఫైబర్ కనెక్షన్ రౌటర్ ఉంది, 192.168.1.1. దాని లాన్ (లోపలి నెట్‌వర్క్) పోర్ట్ నుంచి కేబుల్ లాగి పై అంతస్తులోని రెండో రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్ట్‌కి పెట్టాం. పైన నెట్‌వర్క్ 192.168.0.x. ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తోంది. పైవాళ్లు కింది ప్రింటర్‌కి ప్రింట్ ఇవ్వగలుగుతున్నారు. కింద నుంచి మాత్రం పైనున్న సర్వర్ 192.168.0.20లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు, పింగ్‌కి (అందుతోందా అని చూసే పరీక్ష ప్యాకెట్) జవాబు కూడా రాదు. రెండో రౌటర్ పాడైందా?

జవాబు 1:
పాడవలేదండి. పై రౌటర్ నాట్ చేస్తోంది. అంటే పై నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ మీద తన వాన్ అడ్రస్ వేసి పంపుతుంది. ఆ అడ్రస్ 192.168.1.xలోదే కాబట్టి ప్రింటర్ జవాబు తిరిగి దానికే వస్తుంది. కింది కంప్యూటర్ 192.168.0.20ని అడిగితే, అది వేరే సబ్‌నెట్ (వేరే అడ్రస్ పరిధి) కనుక ప్యాకెట్ 192.168.1.1కి వెళ్తుంది. ఆ నెట్‌వర్క్‌కి దారి ఆ రౌటర్ టేబుల్‌లో లేదు. డిఫాల్ట్ రూట్ (దారి తెలియనివన్నీ పంపే మార్గం) ప్రకారం ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది, అక్కడ ప్రైవేట్ అడ్రస్‌ని ఎవరూ మోయరు.

వేరుగా ఉంచే అవసరం లేకపోతే రెండోదాన్ని యాక్సెస్ పాయింట్‌గా (అదే నెట్‌వర్క్‌ని పైకి అందించే పెట్టెగా) మార్చేయండి. ముందు వాన్ కేబుల్ పీకండి, లేకపోతే అడ్రస్‌లు ఢీకొంటాయని సెట్టింగ్ ఒప్పుకోదు. లాన్ ఐపీ 192.168.1.2 పెట్టి, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీలు పంచే పని) ఆపి, కేబుల్‌ని లాన్ పోర్ట్‌లో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే కొన్ని కంప్యూటర్లకి తప్పుడు గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్) వచ్చి నెట్ పోతుంది. సర్వర్ ఐపీ 192.168.1.20కి మార్చాలి. ఈ రెండు ఐపీలూ మొదటి రౌటర్ డీహెచ్‌సీపీ పంచే పరిధిలో ఉండకూడదు.

అడిగినవారు:
పైన అకౌంట్స్ విభాగం. వేరుగానే ఉండాలండి.

జవాబు 2:
అయితే స్టాటిక్ రూట్ (రౌటర్‌లో మనమే రాసిపెట్టే దారి). పై రౌటర్ వాన్ ఐపీని 192.168.1.2గా స్థిరం చేయండి. కింది రౌటర్‌లో డెస్టినేషన్ 192.168.0.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2. పై రౌటర్‌లో నాట్ ఆపి, ఫైర్‌వాల్‌లో వాన్ వైపు నుంచి 192.168.0.20కి, అదీ ఫైల్ షేరింగ్ పోర్ట్ 445కే అనుమతివ్వండి. పింగ్‌తో పరీక్షించాలంటే దానికీ విడిగా ఇవ్వాలి. నాట్ ఆపగానే పైన ఇంటర్నెట్ పోతే, కింది రౌటర్ తన సొంత సబ్‌నెట్‌కే నాట్ చేస్తోందని అర్థం.

జవాబు 3:
అది చేశాక కూడా ఇంకో రెండు చోట్ల ఆగొచ్చు. విండోస్ ఫైర్‌వాల్ ప్రైవేట్ ప్రొఫైల్‌లో ఫైల్ షేరింగ్ రూల్ మామూలుగా లోకల్ సబ్‌నెట్‌కే తెరిచి ఉంటుంది. సర్వర్‌లో ఆ రూల్ స్కోప్‌కి 192.168.1.0/24, అంటే కింది నెట్‌వర్క్ మొత్తాన్ని, చేర్చండి.

రెండోది కనిపెట్టడం కష్టం. పింగ్ వస్తుంది, ఫోల్డర్ తెరుచుకోదు. వెళ్లేటప్పుడు ప్యాకెట్ కింది రౌటర్ మీదుగా వెళ్తుంది, జవాబు మాత్రం పై రౌటర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కి వస్తుంది. సంభాషణలో సగమే చూసిన కింది రౌటర్ ఫైర్‌వాల్ మిగతా ప్యాకెట్లని పారేస్తుంది. అదే రూట్‌ని కింది కంప్యూటర్లలోనే పెడితే ఈ ఇబ్బంది ఉండదు. ఎక్కువ కంప్యూటర్లుంటే అలా తిప్పలు పడొద్దు, వీలాన్‌లు (ఒకే పరికరంలో విడివిడి నెట్‌వర్క్‌లు) చేయగల ఒకే రౌటర్ పెట్టి రెండు నెట్‌వర్క్‌లూ దాని మీదే విడదీయండి. రానూ పోనూ ఒకే దారి అవుతుంది, ఎవరు ఎక్కడికి వెళ్లాలో రూల్స్ కూడా ఒక్కచోటే రాసుకోవచ్చు.

నెట్‌వర్క్‌లు వేరుగా ఉంచితే, ఎలా చేసినా నెట్‌వర్క్ లిస్ట్‌లో సర్వర్ పేరు మామూలుగా కనబడదు. ఆ వెతుకులాట ప్యాకెట్లు రౌటర్ దాటవు. ఐపీ కొట్టి తెరవండి.