పాత ఇంటి వైరింగ్ మార్చాలి, ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న:
గుంటూరు బ్రాడీపేటలో సుమారు 1980లో కట్టిన డాబా ఇల్లండి. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్‌రూములు, ముందు వరండా. గోడల్లో పాత ఇనుప పైపులు, అల్యూమినియం వైరు, మీటరు దగ్గర పింగాణీ ఫ్యూజులు ఉన్నాయి. రెండు ఏసీలు, రెండు గీజర్లు కొత్తగా పెట్టాలి. ఒక ఎలక్ట్రీషియన్ చదరపు అడుగుకి ఇంత అన్నారు, ఇంకొకరు పాయింటుకి ఇంత అన్నారు. రెండిటికీ చాలా తేడా వస్తోంది. ఏది పట్టుకోవాలి?

జవాబు:
పాత ఇంటికి చదరపు అడుగు లెక్క పెట్టుకోకండి. వంటింట్లో పది అడుగుల గోడ మీద ఉండే పని, ఒక్కోసారి హాలు మొత్తంలో ఉండదు. పాయింట్లే (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటి ఒక్కో కనెక్షను) లెక్కపెట్టండి. కాగితం మీద గదివారీగా రాయండి. మీరు చెప్పిన ఇంటికి సుమారుగా 18 లైట్లు, 5 ఫ్యాన్లు, 2 ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, 1 బెల్లు కలిపి 26 పాయింట్లు. ఇవి కాక 16 ఆంప్స్ పవర్ పాయింట్లు 5 (వంటింట్లో 3, వాషింగ్ మెషిన్, మోటారు), ఏసీలకు 2, గీజర్లకు 2.

ఇక వైరు. పాయింటుకి సగటున 7 మీటర్లు, డీబీ (మీటరు తర్వాత కరెంటును గదులకి పంచే పెట్టె) నుంచి స్విచ్ బోర్డుకి 10, పవర్ పాయింటుకి 12 మీటర్లు వేసుకుని, పైన 10 శాతం కలిపితే, 90 మీటర్ల కాయిల్స్ లెక్కలో (ఎరుపు ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు; నలుపు న్యూట్రల్, అంటే తిరిగి వెళ్లేది; పచ్చ ఎర్తు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపేది):

1.5 చదరపు మి.మీ. (లైట్లు, ఫ్యాన్లు): ఎరుపు 3, నలుపు 2, పచ్చ 2. న్యూట్రల్ లైటు నుంచి లైటుకి లూప్ చేసుకుంటూ పోవచ్చు కాబట్టి నలుపు తక్కువ పడుతుంది.
2.5 (బోర్డు మెయిన్లు, పవర్ పాయింట్లు): ఎరుపు 2, నలుపు 2, పచ్చ 2.
4 (ఏసీ, గీజరు): ఎరుపు 1, నలుపు 1, పచ్చ 55 మీటర్లు. ఈ నాలుగు పాయింట్లకి ఎర్తు వైరు కూడా ఫేజు మందమే ఉండాలి.

మెట్ల దగ్గర టూవే స్విచ్ (రెండు చోట్ల నుంచీ ఒకే లైటు వేసేది) ఉంటే అదనంగా వైరు పడుతుంది, రేటులో కూడా దాన్ని రెండు పాయింట్లుగా లెక్కేస్తారేమో ముందే అడగండి. బోర్డు మీదున్న 6 ఆంప్స్ ప్లగ్గు వేరే పాయింటా, రేటులో కలిసిందా అన్నదీ అంతే. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. కూలీ మాత్రమేనా, మెటీరియల్‌తో సహానా? వైరు, స్విచ్చుల మీద ఉండే 18 శాతం జీఎస్‌టీ ఆ రేటులో ఉందా? ఇవి రాయించుకున్నాకే ఇద్దరి రేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఏసీ, గీజరు లైన్లు మాత్రం కొత్తవి వేయించి, లైట్లకి పాత వైరే ఉంచేస్తే సగం ఖర్చు తగ్గుతుంది కదండీ?

ఇంకొక జవాబు:
తగ్గదండీ, రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది. పాత అల్యూమినియం వైరు కొనకి కొత్త రాగి వైరు మెలిపెడితే ఆ జాయింటు దగ్గర తుప్పు పేరుకుంటుంది, వేడెక్కుతుంది, ఆఖరికి కాలుతుంది. ఇంకో చిక్కు ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్). పాత ఇళ్లలో ఒక గది ఫేజుకి ఇంకో గది న్యూట్రల్ వాడేసి ఉంటుంది, కొన్నిచోట్ల న్యూట్రల్, ఎర్తు ఒకటిగా ముడేసి ఉంటాయి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టిన మర్నాటి నుంచి అది ట్రిప్ అవుతూనే ఉంటుంది. అప్పుడు దాన్నే పీకేసి డైరెక్టు ఇచ్చేస్తారు, ప్రాణం కాపాడే వస్తువే పోతుంది. దయచేసి అలా చేయనివ్వకండి. ఏదైనా లైను ఉంచాలనే అనుకుంటే 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్ష చేయించండి. 1 మెగా ఓమ్ లోపు వస్తే ఆ వైరు వదిలేయడమే.

పాత ఇనుప పైపుల్ని వాడుకోవచ్చా అన్నది వేరు. రేటు మాట్లాడకముందే రెండు మూడు చోట్ల స్ప్రింగు (పైపులో వైరు లాగడానికి వాడే తీగ) దూర్చి చూడమనండి. వంపు దగ్గర తుప్పుతో ఆగిపోతే గోడ కొట్టక తప్పదు, అంచనా అక్కడికక్కడే మారిపోతుంది. దూరినా కూడా పైపు లోపలి జాగాలో 40 శాతానికి మించి వైర్లు నింపకూడదు.

మరొకరు:
గోడ పని ఎలక్ట్రీషియన్ లెక్కలో ఉండదు, దాన్ని విడిగా రాసుకోండి. సున్నం గచ్చుతో కట్టిన గోడైతే ఉలి దెబ్బకి ఇటుక ముక్కలే ఊడిపోతాయి, కట్టర్‌తో రెండు గీతలు కోసి మధ్యలోది తీయించండి. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడుగు గాడి వద్దు. గాడిని బాగా తడిపి, మెష్ (తీగ వల) కొట్టి పూయాలి, లేకపోతే రంగు వేసిన నెలకే పైపు పొడుగునా పగులు కనిపిస్తుంది. మేస్త్రీ, రాళ్లు ఎత్తిపోయించడం, లప్పం, రంగు అన్నీ ఇందులోకే వస్తాయి.

డీబీ కొనే ముందు కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీకు మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో చూసుకోండి. రెండు ఏసీలు, రెండు గీజర్లకే 7 కిలోవాట్లు దాటుతుంది. ఏపీసీపీడీసీఎల్ (మీ కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని కలిసి లోడు పెంచితే త్రీఫేజ్ (మూడు ఫేజు వైర్ల కనెక్షను) ఇస్తారా, ఆ చార్జీలెంత, సర్వీసు వైరు మార్చాలా తెలుసుకున్నాకే డీబీ కొనండి. త్రీఫేజ్ అయితే సింగిల్‌ఫేజ్ డీబీ వృథా. సింగిల్‌ఫేజ్ అయితే 16 వే (16 గదులున్న) డీబీ పెట్టించండి. మీకు పదకొండు సర్క్యూట్లు పడతాయి, ఐసోలేటర్ (మెయిన్ స్విచ్), ఆర్‌సీసీబీ డీబీలో చెరి రెండు గదులు తీసుకుంటాయి. 12 వేలో ఇరుక్కుపోతారు. లైట్లకి 10, పవర్‌కి 16, ఏసీకి 20 ఆంప్స్ సీ రకం ఎంసీబీలు (ఫ్యూజు బదులు వాడే, లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్చులు).

ఎర్తు గొయ్యి కూడా కొత్తదే లెక్కేసుకోండి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు. గుంటూరు నల్లరేగడి ఎండాకాలం బీటలిచ్చి పైపుకి దూరం జరుగుతుంది, కాబట్టి నీళ్లు పోయడానికి పైన గరాటు, మూత ఉంచాలి. కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి.

ఇంకొకరు:
విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి మునిగిన ఇల్లు ఎవరిదైనా ఉంటే: నీళ్లలో నానిన బాక్సులు, స్విచ్చులు, ఎంసీబీలు ఆరబెట్టి వాడకండి, పూర్తిగా మార్చండి. కొత్త బోర్డులు, డీబీ గోడ మీద నీటి మరక కంటే ఎత్తులో పెట్టించండి. ఇక అందరికీ: గాడులు పూడ్చే ముందు ప్రతి గోడకీ పక్కన టేపు పెట్టి ఫోటో తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటోలోనే చూసుకోవాలి.