‘కాసబ్లాంకా’ ముగింపు: త్యాగమా, పెత్తనమా?

గాంధీనగర్ ప్రేక్షకుడు, విజయవాడ:
1942 నాటి ‘కాసబ్లాంకా’ను చాలా ఏళ్ల తరువాత మొన్న ఆదివారం మా అమ్మాయితో కలిసి చూశాను. పారిస్ జర్మన్ల వశమైన తరువాత, లిస్బన్ మీదుగా అమెరికా చేరాలని కాందిశీకులు మొరాకోలోని కాసబ్లాంకాలో పడిగాపులు పడుతుంటారు. అక్కడ పానశాల నడిపే రిక్ వద్దకు, ఒకప్పుడు పారిస్‌లో అతన్ని విడిచి వెళ్లిన ఇల్సా, నాజీలను ఎదిరిస్తున్న తన భర్త లాస్లోతో వస్తుంది. తన చేతికి చిక్కిన రెండు ప్రయాణ పత్రాలనూ రిక్ చివరకు ఆ దంపతులకే ఇచ్చి విమానం ఎక్కిస్తాడు. ఇరవై ఏళ్ల వయసులో నన్ను ఏడిపించిన ఘట్టమది. మా అమ్మాయి మాత్రం “ఆమెను ఎవరైనా అడిగారా, నాన్నా?” అంది. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

బ్రాడీపేట పాఠకురాలు, గుంటూరు:
ప్రశ్న సబబైనదే గాని, తప్పంతా రిక్ మీద మోపడం న్యాయం కాదండీ. పెళ్లైన స్త్రీ భర్తను విడిచి ప్రియుడితో వెళ్లిపోయే ముగింపును ఆనాటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకునేది కాదు కాబట్టి, కథ ఎటు తిరిగినా ఆమె విమానం ఎక్కక తప్పదు. అయితే అది మాత్రమే కారణమని కొట్టిపారేయలేం. అందరి తరఫునా నువ్వే ఆలోచించాలని ముందు రాత్రి రిక్‌కు భారం అప్పగించినది ఇల్సాయే. అంతకుముందు పారిస్‌లో, చనిపోయాడనుకున్న భర్త బతికే ఉన్నాడని తెలిసినప్పుడు, ఆ సంగతి చెబితే రిక్ ఊరు దాటడని, జర్మన్ల చేతికి చిక్కుతాడని భయపడి, స్టేషన్‌కు ఒక చీటీ మాత్రం పంపి తాను ఆగిపోయింది. రిక్‌ను మాత్రం ఎవరు అడిగారు? పైగా ఈ సినిమా తీస్తున్నప్పుడు యుద్ధం ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. పానశాలలో జర్మన్ల పాటకు పోటీగా ఫ్రెంచి జాతీయగీతం ఎత్తుకునే ఘట్టంలో కనిపించే నటీనటులలో పలువురు నిజంగానే ఐరోపా నుంచి పారిపోయి వచ్చినవారు. హిట్లర్ ఓడిపోయాడని తెలిసి చూసే మనకు లాస్లో ప్రయాణం ఎంత అవసరమో తట్టకపోవచ్చు.

కొత్తపేట, గుంటూరు:
అడగనిది ఇల్సా ఒక్కతినేనా? మనుషులను కొనను, అమ్మను అని గొప్పగా చెప్పిన రిక్, చివరకు పానశాలను పోటీ పానశాల యజమాని ఫెరారీకి అమ్మేటప్పుడు పియానో వాయించే శామ్ వాటా 25 శాతమని బేరంలోనే తేల్చేస్తాడు. శామ్ ఆ గదిలోనే లేడు. యాభై దాటిన నల్లజాతి నటుడు డూలీ విల్సన్ పోషించిన ఆ పాత్రను ఇల్సా కూడా, నల్లవారిని చిన్నబుచ్చే మాటతో, ‘బోయ్’ (కుర్రాడు) అనే అంటుంది. మొరాకో వారి ఊసు ఎలాగూ లేదు.

గాంధీనగర్ ప్రేక్షకుడు, విజయవాడ:
పారిస్ పోలిక నన్ను ఆలోచనలో పడేసింది, అమ్మా. అయినా పూర్తిగా ఒప్పుకోలేకున్నాను. పారిస్‌లో ఇల్సా మానుకున్నది తన ప్రయాణాన్ని. విమానాశ్రయంలో రిక్ నిర్ణయించినది కూడా ఆమె ప్రయాణాన్నే. నిన్న రాత్రి ఆ ఘట్టం మళ్లీ పెట్టుకుని చూశాం. పత్రాల మీద రాయవలసినవి లాస్లో దంపతుల పేర్లని రిక్ చెప్పగానే, నా పేరెందుకని ఇల్సా అడుగుతుంది. పొగమంచు, విమానం చప్పుడు ఇన్నేళ్లూ గుర్తున్నాయి గాని, ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నా చెవికి ఎక్కలేదు.