బొల్లి సింగిల్ సెల్ డేటా: ల్యాబ్‌లో ఏ జీన్లను పరీక్షించాలి, శాంపిల్ ఎలా తీయాలి?

నాగావళి (శ్రీకాకుళం):
మాస్టార్లూ, బొల్లి మీద చిన్న ప్రాజెక్టు. జియో (జీన్ డేటా దాచే బహిరంగ భాండారం) నుంచి సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణంలో ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చూపే లెక్క) దించుకుని, మచ్చ చర్మాన్నీ మామూలు చర్మాన్నీ పోలిస్తే నలభై జీన్ల జాబితా వచ్చింది. అన్నిటికన్నా పైన పీమెల్, డీసీటీ, టైర్‌పీ1, ఎంలానా. పీ విలువలు నమ్మలేనంత చిన్నవి. ల్యాబ్‌లో క్యూపీసీఆర్ (ఎంచుకున్న జీన్ల ఆర్‌ఎన్‌ఏ కొలిచేది), ఎలైసా రీడర్ (ప్రోటీన్ కొలిచేది), మైనస్ 20 ఫ్రీజర్ ఉన్నాయి, మైనస్ 80 లేదు. పది మంది దగ్గర 4 మి.మీ. పంచ్ (చర్మం ముక్క) తీసి ఈ జీన్లే క్యూపీసీఆర్‌లో చూపిస్తే సరిపోతుందా? కొన్ని శాంపిళ్లు సింగిల్ సెల్‌కి హైదరాబాద్ పంపే దారేమైనా ఉందా? ఎథిక్స్ కమిటీకి కాగితాలింకా పెట్టలేదు.

వంశధార:
కాగితాలు పెట్టకపోవడమే మంచిదైంది. ఆ నాలుగూ మెలనోసైట్ల (చర్మానికి రంగునిచ్చే కణాల) జీన్లు. మచ్చలో మెలనోసైట్లే లేనప్పుడు వాటి జీన్లు తగ్గక ఏం చేస్తాయి? క్యూపీసీఆర్‌లో కూడా అదే కనిపిస్తుంది, తెల్ల మచ్చ తెల్లగా ఉందని రుజువవుతుంది, అంతే.

కణాలన్నిటినీ కలిపి పోల్చకండి. ముందు కణాల రకాలు విడదీసి, కెరటినోసైట్లను (చర్మం పైపొర కణాలను) కెరటినోసైట్లతోనే పోల్చండి. అప్పుడు సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10, స్టాట్1 పైకొస్తాయో లేదో చూడండి. అసలు కథ అక్కడుంది: సీడీ8 టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయి, దానికి కెరటినోసైట్లు జాక్, స్టాట్1 అనే సంకేతాల దారిలో సీఎక్స్‌సీఎల్9, 10 అనే ఆ రెండు కీమోకైన్లు (కణాలను పిలిచే ప్రోటీన్లు) చేస్తాయి, వాటి వెంట వాటిని పసిగట్టే సీఎక్స్‌సీఆర్3 ఉన్న టీ కణాలు మరిన్ని దిగుతాయి. 2022లో అమెరికాలో బొల్లికి అనుమతి వచ్చిన రక్సోలిటినిబ్ 1.5 శాతం క్రీమ్ కోసేది ఈ చక్రాన్నే.

పీ విలువల సంగతి. ఐదుగురి దగ్గర తలా ఆరు వేల కణాలుంటే మీ ఎన్ (విడి నమూనాల సంఖ్య) ముప్పై వేలు కాదు, ఐదు. ఒక్కో పేషెంట్‌కి, ఒక్కో కణ రకానికి కౌంట్లు కూడి (దీన్నే సూడోబల్క్ అంటారు) డీసెక్2 అనే గణాంకాల ప్యాకేజీలో పెట్టండి. మచ్చ, మామూలు చర్మం ఒకే మనిషివైతే డిజైన్‌లో పేషెంట్‌నీ చేర్చాలి. నలభైలో పదీ పన్నెండూ మిగిలితే దిగులు పడకండి. ఫాస్, జూన్, హీట్ షాక్ జీన్లు మిగిలితే మాత్రం అనుమానించండి, 37 డిగ్రీల దగ్గర ఎంజైముతో కణాలు విడదీసేటప్పుడే అవి లేస్తాయి.

చంపావతి (విజయనగరం):
వంశధార గారు చెప్పినదానికి శాంపిల్ వైపు నుంచి కొంత. బొల్లికి పంచ్ ఎందుకండీ? జబ్బు ఎపిడెర్మిస్‌లో ఉంది. సక్షన్ బ్లిస్టర్ (గాలి లాగి లేపే పొక్కు) వేయండి, కోత గుర్తు మిగలదు, కుట్లుండవు. ప్లంజర్ తీసేసిన 10 మి.లీ. సిరంజి చర్మం మీద బోర్లించి, త్రీ-వే (మూడు దారుల ట్యాప్) ద్వారా 50 మి.లీ. సిరంజితో గాలి లాగి, పీడనం బయటి గాలి కన్నా సుమారు 300 మి.మీ. పాదరసం తగ్గాక ఆపాలి. చర్మాన్ని వెచ్చగా ఉంచితే పొక్కు తొందరగా లేస్తుంది, లేకపోతే రెండు గంటలు పట్టొచ్చు. తొందరపడి ఎక్కువ లాగితే పొక్కులో నెత్తురు దిగుతుంది, డేటాలో హెచ్‌బీబీ (హీమోగ్లోబిన్ జీన్) తేలుతుంది. ఆ పొక్కు వదిలేయడమే.

ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. ఏళ్లనాటి తెల్ల మచ్చ నడిమధ్యన వేస్తే యుద్ధం ముగిసిన ఊరు చూసినట్టే. వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత దీపం) కింద అంచు గీసుకుని, పాకుతున్న అంచున ఒకటి, దూరంగా మామూలు చర్మంలో ఒకటి. చర్మం గాయపడ్డ చోట కొత్త మచ్చ రావచ్చని, అంటే కోబ్నర్ సంగతి, సమ్మతి పత్రంలో తెలుగులో రాయండి.

పొక్కు నీరు 100 మైక్రోలీటర్లు వస్తే గొప్ప. సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీరు రెండు మూడు గొట్టాల్లోకి పంచి ఫ్రీజ్ చేయండి, కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు. ఎలైసాకి 50 మైక్రోలీటర్లకి 200 బఫర్ కలిపితే సీఎక్స్‌సీఎల్9కి రెండు బావులు వస్తాయి. లెక్కలో ఆ పలుచన ఐదు రెట్లు వేయడం మరవొద్దు. పొక్కు పైపొర ఆర్‌ఎన్‌ఏ లేటర్‌లో (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఉంచే ద్రవంలో) వేసి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి మైనస్ 20లోకి మార్చండి. మీ ఫ్రీజరే చాలు.

నాగావళి:
ధన్యవాదాలండీ. క్యూపీసీఆర్‌లో రిఫరెన్స్‌కి (మిగతావాటిని పోల్చే మారని జీన్‌గా) బీటా-2 మైక్రోగ్లోబులిన్ ప్రైమర్లు ఉన్నాయి, వాడొచ్చా? హైదరాబాద్ సంగతి కూడా చెప్పండి.

వంశధార:
వద్దు. ఇంటర్‌ఫెరాన్ గామాకి బీటా-2 మైక్రోగ్లోబులినే పెరుగుతుంది. కొలబద్దే సాగితే సీఎక్స్‌సీఎల్10 పెరుగుదల అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. రిఫరెన్స్‌కి ఆర్‌పీఎల్‌పీ0 జీన్‌తో పాటు మరొకటి పెట్టుకుని, మీ శాంపిళ్లలో రెండూ కదలడం లేదని ముందు చూడండి. పరీక్షించే పన్నెండు జీన్లలో మారకూడదని కంప్యూటర్ చెప్పినవి రెండు మూడు కలపండి. ఏది పెరగాలో ఏది తగ్గాలో ప్లేట్ వేయకముందే తేదీతో రాసుకోండి, డేటా వచ్చాక మాట మార్చే అవకాశం ఉండదు.

రవాణాకి బతికిన కణాలు పనికిరావు. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కిస్తే చేరేసరికి సగం చచ్చి, పగిలిన కెరటినోసైట్ల ఆర్‌ఎన్‌ఏ ప్రతి డ్రాప్లెట్‌లోకీ (ఒక్కో కణాన్ని పట్టే బొట్టులోకీ) కారి టీ కణాల్లో కూడా కెరటినోసైట్ల జీన్ కేఆర్‌టీ14 కనిపిస్తుంది. సూప్ఎక్స్ అనే ప్రోగ్రాం దాన్ని కొంత కడుగుతుంది గానీ పూర్తిగా కాదు. శాంపిల్‌ని ద్రవ నైట్రోజన్‌లో అప్పటికప్పుడు గడ్డకట్టించి, డ్రై షిప్పర్‌లో (నైట్రోజన్ చలిని పట్టి ఉంచే డబ్బాలో) పంపి, అక్కడ సింగిల్ న్యూక్లియస్ (కణానికి బదులు కేంద్రకంలోని ఆర్‌ఎన్‌ఏ చదవడం) చేయించండి. నైట్రోజన్ ఎక్కడిదంటారా, గోపాలమిత్రలు పశువుల వీర్యం స్ట్రాలు దాచుకునేది అందులోనే, పశుసంవర్ధక శాఖ వాళ్లని అడగండి. ఆర్‌ఎన్‌ఏ లేటర్‌లో వేసిన పొర మాత్రం దీనికి పంపకండి, అది క్యూపీసీఆర్‌కే.