సమస్యాపూరణం: “చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె”

నిర్వహణ: బందరు మాస్టారు

ఈ వారం సమస్య తేటగీతిలో నాలుగో పాదం.

చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె

పూరణ టర్బో చుట్టూనే తిరగాలి. టర్బో అంటే ఇంజను వదిలే పొగతో తిరుగుతూ, ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే యంత్రం. రోజూ రోడ్డు మీద నడిపే బండికి టర్బో ఎంచుకోవడమైనా సరే, పాతదాన్ని విప్పి బాగుచేయడమైనా సరే. బేరింగు, ఇంజను లాంటి మాటల్ని పద్యంలోకి నిస్సంకోచంగా రానివ్వండి, మనం రోజూ అనేవే కదా. ఒక్కటే కోరతాను. చిన్నది ఎందుకు గెలిచిందో పద్యంలోనే కనబడాలి. కింద వివరణ రాస్తే తప్ప తెలియని పూరణ నాకు నచ్చదు.

---

డల్లాస్ తమ్ముడు:

పచ్చదీపము వెలుగగా పరుగుదీసి
రెండువేలకె గాలిని నిండ నింపి,
నాల్గువేలకై చూచుచు నడచుచుండ
చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె.

మాస్టారూ, నాది గోల్ఫ్ జీటీఐ, కంపెనీ పెట్టిన ఐఎస్20 టర్బోనే ఉంది. గోల్ఫ్ ఆర్‌లో వచ్చే ఐఎస్38 వేయిద్దామని ఏడాదిగా ఊగిసలాడుతున్నాను. నా స్నేహితుడు దాన్ని కూడా దాటి ఇంకా పెద్దది పెట్టించాడు. నాలుగువేల ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే ఆ బండిని పట్టుకోలేం. కానీ ఆఫీసుకు వెళ్లే దారిలో నాలుగువేలు ఎప్పుడు చూస్తాం?

మాస్టారు:

తమ్ముడూ, రెండో పాదంలో యతికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి, “రెండు–నిండ”, హాయిగా కుదిరింది. మూడో పాదంలోనే చిక్కు. నడుస్తున్నది ఎవరు? కర్త లేదు. చదివేవాడు చిన్నదే నడుస్తోందనుకునే ప్రమాదం ఉంది. ఇలా మార్చి చూడు:

వేరొకటి నాల్గువేలకై వేచియుండ

విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నావు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు సైలెన్సర్ వైపు పోయే పొగ తక్కువ. ఆ కాస్త పొగతో, పొగ తిప్పే బరువైన టర్బైన్ చక్రం వేగం అందుకోవాలంటే జాగు తప్పదు. ల్యాగ్ అనే మాటకు మన జాగు అర్థంలోనూ ధ్వనిలోనూ ఎంత దగ్గరో చూశావా! ఈసారి ఎవరూ వాడలేదు గానీ నాకు ఎప్పటి నుంచో ఇష్టమైన మాట. 1970ల చివర్లో సాబ్ 99 టర్బో కారు పేరు తెచ్చుకున్నది ఇందుకే. వాళ్లు చిన్న టర్బో పెట్టి, ఒత్తిడి మితిమీరకుండా వేస్ట్‌గేట్‌తో పొగను పక్కదారి పట్టించారు. జనం రోజూ నడిపే వేగాల్లోనే బలం దొరికింది.

హైదరాబాద్ అక్క:

మాస్టారూ, చిన్నదానికి పైన ఊపిరాడదని కూడా చెప్పాలి కదా? టర్బైన్ హౌసింగ్ (దాని చుట్టూ ఉండే డొల్ల) ఎ/ఆర్, అంటే పొగదారి ఎంత ఇరుకో చెప్పే నిష్పత్తి, తక్కువైతే తొందరగా లేస్తుంది, ఆరువేల దగ్గర పొగ బయటికి పోలేక ఇంజను గొంతు పట్టుకున్నట్టవుతుంది.

మాస్టారు:

నిజమే అమ్మా. అందుకే తమ్ముడు “పచ్చదీపము” అని మొదట్లోనే చోటు చెప్పడం నాకు నచ్చింది. కోయంబత్తూరు కరి ట్రాక్ మీద ఇదే పద్యం చెల్లకపోవచ్చు. అయితే పెద్దదానికీ ఇంకో బాధ ఉంది. ఇంజను తాగే గాలి తక్కువగా ఉండి, గాలిని ఒత్తే కంప్రెసర్ చక్రం ఒత్తిడి ఎక్కువ చేయబోతే గాలి వెనక్కి తన్నుతుంది. దాన్నే సర్జ్ అంటారు. ఎంత గాలికి ఎంత ఒత్తిడి ఇవ్వగలదో చూపే కంప్రెసర్ మ్యాప్‌లో ఎడమ అంచున ఉండే గీత అదే. టర్బో కొనేముందు గుర్రాల లెక్క (హార్స్‌పవర్) ఎంతొస్తుందని అడిగేవాళ్లే గానీ, ఆ మ్యాప్ మీద తమ ఇంజను ఎక్కడ పడుతుందో చుక్కలు పెట్టి చూసేవాళ్లు తక్కువ. తమ్ముడూ, ఆ పని చెయ్యి. ఏడాది ఊగిసలాట ఒక సాయంత్రంలో తీరుతుంది.

---

కాకినాడ కుర్రాడు (నా మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి):

వేయి సీసీల యింజను గాలి తాగి
బలముగా నొత్తి గదులలో పట్టి నింపి
పదియునారు వందల బండి పాకుచుండ
చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె.

మాస్టారు:

బాబూ, మొదటి పద్యానికి గణాలన్నీ సరిపోవడం చిన్న విషయం కాదు. “పాకుచుండ” మంచి క్రియ. మొదటి పాదంలో యతి తప్పింది, పాదం మొదటి అక్షరం “వే”కి నాలుగో గణం మొదటి అక్షరం “గా” కుదరదు. అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. గాలిని ఒత్తింది ఎవరు? ఇంజను తనంతట తాను ఒత్తలేదు, పీలుస్తుంది అంతే. మనకు కావలసిన టర్బోయే పద్యంలో లేదు! నీ ఊహకు మాత్రం సాక్ష్యం ఉంది. ఫోక్స్‌వ్యాగన్ వెంటోలో పాత 1.6 పెట్రోలు ఇంజను 105 పీఎస్ (బలం), 153 ఎన్ఎం (తిప్పే శక్తి, టార్క్). 2020లో అదే బండికి వచ్చిన 1.0 టర్బో 110 పీఎస్, 175 ఎన్ఎం. మళ్ళీ రాయి.

కాకినాడ కుర్రాడు:

వేయి సీసీల యింజను వెలితి నింప
పొగకు తిరిగెడు టర్బోయె పోసె గాలి;
పదియునారు వందల బండి పాకుచుండ
చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె.

మాస్టారు:

భేష్! “పొగకు తిరిగెడు టర్బో” అన్న మూడు మాటల్లో ఆ యంత్రం అంతా ఉంది. బయట పారేసే పొగతోనే లోపలికి గాలి పోయించావు.

---

హైదరాబాద్ అక్క:

జల్లెడయె లేని గొట్టాన జారిపడిన
యిసుక రేణువు రెక్కల నెల్ల గొరికె,
లక్ష చుట్లు తిరుగుదాని లావడంచి
చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె.

ఇది మా ఇంటి కథే. టర్బో ఈల బాగా వినబడుతుందని ఒక షాపు వాళ్లు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, ఉత్త గొట్టం పెట్టి పంపారు. కొన్ని నెలలకే బండి నీలంపొగ వదిలింది. విప్పి చూస్తే కంప్రెసర్ రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టు ఉన్నాయి.

మాస్టారు:

అమ్మా, “గొరికె” అన్నారే, అక్కడే ఆగిపోయాను. విరిచె అనో కొట్టె అనో రాసి ఉంటే పద్యం మామూలైపోయేది. ఇసుక చేసే పని కొరకడమే. రెక్క అరిగితే తూకం పోతుంది. నిమిషానికి లక్ష చుట్లు తిరిగేదానికి తూకం పోతే బేరింగు, దాని వెనుకే నూనెను ఆపే సీలు పోతాయి. “జల్లెడ” కూడా ఎంత తెలుగుగా ఉంది!

---

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ:

తండ్రి షెడ్డులో టర్బోను తానె విప్పి
కొత్త బేరింగులను వేసి కూర్చి చూచి
అక్క కారును ట్రాకుపై నధిగమించి
చిన్నదే పెద్దదానిని చిత్తుచేసె.

మాస్టారు గారికి నమస్కారం. నేను లారీ టర్బోలు చేసేవాణ్ణి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి పదో తరగతి నుంచే నా పక్కన కూర్చోవడం అలవాటు. మొన్న దాని కారు టర్బో అదే విప్పింది. నట్టు తీసేముందు షాఫ్టు కొసకీ, నట్టుకీ, కంప్రెసర్ వీల్‌కీ సూదితో గీత పెట్టింది. నేను చెప్పలేదు. ఆ గీతలు మళ్ళీ కలిపి బిగిస్తేనే పాత తూకం దగ్గరగా నిలుస్తుంది. బిగించాక షాఫ్టు కొసను రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూసింది. బుష్ బేరింగు కాబట్టి కాస్త ఆడుతుంది, నూనె పొర మీద తేలాలి కదా. ముందుకూ వెనక్కీ లాగితే మాత్రం చేతికి తెలియకూడదు. తెలియలేదు. తర్వాత బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టించాం.

మాస్టారు:

మేస్త్రీ గారూ, ఈ వారం పూరణల్లో నాకు బాగా దగ్గరైనది ఇదే. మిగతా అందరం చిన్నది, పెద్దది అంటే వస్తువులే అనుకున్నాం. మన ఇళ్లలో “మా పెద్దది, మా చిన్నది” అంటే కూతుళ్లే. సమస్యలో ఒక్క అక్షరం మెలిపెట్టకుండానే అర్థం తిరిగింది. రెండో పాదంలో “చూచి” అన్న మాట ముందు పాదపూరణ కోసం వేశారేమో అనుకున్నాను. మీ వివరం చదివాక ఆ రెండు వేళ్లు కనబడ్డాయి. అయితే వివరణ లేకపోతే ఆ చూపు చదువరికి అందదు, ఆ ఒక్క చోటా ఇంకొంచెం పని ఉంది.

డల్లాస్ తమ్ముడు:

మేస్త్రి గారూ, రీబిల్డ్ చేసిన టర్బో మళ్ళీ పోతే తప్పు ఎక్కడుంటుంది?

ఆటోనగర్ మేస్త్రి:

తమ్ముడూ, ఎక్కువసార్లు టర్బోలో ఉండదు, నూనెలో ఉంటుంది. పాత నూనె గొట్టంలో బొగ్గు పేరుకుంటే కొత్త బేరింగు గంటలోనే గీసుకుపోతుంది. గాస్కెట్ గమ్ ఎక్కువ పూస్తే ఆ ముక్క దారి మూస్తుంది. తిరిగొచ్చే గొట్టం లావుగా, వంపు లేకుండా కిందికే దిగాలి. అక్కడ నూనె ఆగితే సీలు దాటి పొగలోకి వస్తుంది, జనం సీలుని తిడతారు. ఇంకొకటి, గట్టిగా తోలి వచ్చిన వెంటనే తాళం తిప్పేయొద్దు. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. కాలుతున్న షాఫ్టు మీద నూనె ఆగిపోతే అక్కడే మాడిపోతుంది.

మాస్టారు:

ఆ నిమిషం సంగతి విన్నాక వచ్చేవారం సమస్య దొరికింది. ఆటవెలది, నాలుగో పాదం:

ఆగినపుడె వేగ మధికమాయె

కాకినాడ బాబూ, ఆటవెలదిలో సరిపాదానికి అయిదూ సూర్యగణాలే. ఈసారి మొదటి పూరణ నీదే కావాలి.